టాప్ స్కోరర్ వెళ్ళిపోతే జట్టు పోయినట్టేనా? కాలేజీ బాస్కెట్‌బాల్ మీద పాఠకుల ప్రశ్నలు

బెంగళూరు కాలేజీ బాస్కెట్‌బాల్ మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం ఇక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలవే, కొన్ని వాళ్ళ తల్లిదండ్రులవి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. కాలేజీల పేర్లు, ఆటగాళ్ళ పేర్లు తీసేశాం.

ప్రశ్న: ఫైనల్లో మా కాలేజీ 61-68తో ఓడింది. చివరి నిమిషంలో రెండు త్రీ పాయింటర్లు మిస్సయ్యాయని అందరూ కెప్టెన్‌నే తిడుతున్నారు. వీడియో చూసి లెక్క రాసుకున్నాను. షాట్లు 66, పడినవి 23, వాటిలో త్రీలు 5. ఫ్రీ త్రోలు 22కి 10. ఆఫెన్సివ్ రీబౌండ్లు 12, టర్నోవర్లు 17. నిజంగా తప్పు కెప్టెన్‌దేనా? వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకోవచ్చా?
*— బీకాం విద్యార్థి, జయనగర*

కెప్టెన్‌ని వదిలేయండి. మ్యాచ్ ఎక్కడ పోయిందో మీ కాగితమే చెబుతోంది.

ముందు మీ జట్టుకు బంతి ఎన్నిసార్లు దక్కిందో తేల్చాలి. దాన్నే పొజెషన్లంటారు. వేసిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు, అంటే మిస్సయిన సొంత షాట్‌ను మళ్ళీ అందుకున్నవి, తీసేయండి. టర్నోవర్లు, అంటే షాట్ వేయకుండానే ఎదుటివాళ్ళకు పోయిన బంతులు, కలపండి. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి అదీ కలపండి. 66లో 12 పోతే 54. దానికి 17 కలిపితే 71. 22 ఫ్రీ త్రోలకు 9.7. మొత్తం దాదాపు 81. ఈ 0.44 ఏమిటంటే, మామూలుగా రెండు ఫ్రీ త్రోలు కలిస్తే ఒక పొజెషన్. బాస్కెట్ పడ్డాక వచ్చే అదనపు త్రో, టెక్నికల్ ఫౌల్ త్రో వంటివి కొత్త పొజెషన్ కింద లెక్కకు రావు. అందుకే సగం కంటే కొంచెం తగ్గించి వేస్తారు.

81 పొజెషన్లలో 61 పాయింట్లంటే వందకు 75. ఒక మ్యాచ్‌లో రెండు జట్లకూ పొజెషన్లు ఇంచుమించు సమానంగానే వస్తాయి కాబట్టి అవతలివాళ్ళు వందకు 84 చేసినట్టు. ఈ తేడా ఎక్కడిది? ఫ్రీ త్రోలు 45 శాతం పడ్డాయి. 65 శాతం పడినా 14 వచ్చేవి, అంటే నాలుగు పాయింట్లు గీత దగ్గరే వదిలేశారు. ఇక 17 టర్నోవర్లు. బంతి పోగొట్టుకోని 64 పొజెషన్లలో మీవాళ్ళు 61 పాయింట్లు చేశారు. అంటే షాట్ దాకా వెళ్తే ఒక్కోసారికి దాదాపు ఒక పాయింటు వస్తోంది. టర్నోవర్లు 12 దగ్గర ఆగి ఉంటే ఇంకో అయిదు పాయింట్లు దగ్గర దగ్గరగా వచ్చేవి. రెండూ కలిపితే తొమ్మిది. మీరు ఓడింది ఏడుతో.

షూటింగ్ గొప్పగా ఉందని అనను. త్రీకి ఒకటిన్నర బాస్కెట్ల విలువ ఇచ్చి చూస్తే 66కి 25.5, అంటే 38.6 శాతం. కాలేజీ స్థాయిలోనూ ఇది తక్కువే. కానీ షూటింగ్ పెరగడానికి ఏడాది పడుతుంది. టర్నోవర్లు, ఫ్రీ త్రోలు మూడు నెలల్లో బాగుపడతాయి. మీ ఆశకు ఆధారం అదే.

ఇప్పుడు ఆ 17 టర్నోవర్లను మళ్ళీ వీడియోలో చూసి విడదీయండి: డ్రిబుల్‌లో చేతిలోంచి లాగేసినవి, బయటికి పోయిన పాసులు, ట్రావెలింగ్ (బంతి కొట్టకుండా అడుగులేయడం), ఆఫెన్సివ్ ఫౌళ్ళు, 8 సెకన్లలో సగం కోర్టు దాటనివి లేదా 24 సెకన్లలో షాట్ వేయనివి. ఏ క్వార్టర్‌లో ఎన్నో కూడా పక్కన రాయండి. ఎక్కువ భాగం సగం కోర్టు దాటకముందే పోయాయంటే లోపం బంతి తెచ్చేవాడి దగ్గరుంది. దాటాక పోస్టులోకి, అంటే బాస్కెట్ దగ్గరికి, వేసిన పాసుల్లో పోయాయంటే స్పేసింగ్ లోపం, ఆటగాళ్ళు తగినంత దూరంగా నిలబడటం లేదన్నమాట. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఫ్రీ త్రోల సాధనలో చాలా కాలేజీలు చేసే పొరపాటు, ప్రాక్టీసు చివర నిలబడి వరుసగా యాభై వేయించడం. పదో త్రోకల్లా చెయ్యి కుదురుకుంటుంది, శాతం బాగా కనబడుతుంది. మ్యాచ్‌లో రెండుకు మించి, మహా అయితే మూడుకు మించి, వరుసగా వేసే సందర్భం రాదు. అప్పుడూ ఆయాసంతోనే వేయాలి. కాబట్టి ఈ గీత నుంచి ఆ గీత దాకా రెండుసార్లు పరుగెత్తించి, వెంటనే రెండే రెండు త్రోలు వేయించండి. అలా పది జతలు, ఎవరివి ఎన్ని పడ్డాయో పేరుపేరునా రాస్తూ.

ప్రశ్న: మా మ్యాచ్‌లకు వీడియో తీసేవాళ్ళు లేరు. టేబుల్ దగ్గర రాసే స్కోరు షీటు కాపీ ఒక్కటే దొరుకుతుంది. దానితో ఏమైనా తెలుస్తుందా?
*— ఇంజినీరింగ్ విద్యార్థి, బనశంకరి*

సగం తెలుస్తుంది. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా షీటులో మిస్సయిన షాట్లు, రీబౌండ్లు, టర్నోవర్లు ఉండవు. పడినవి మాత్రం ఎవరు, ఏ వరుసలో అన్నది పక్కాగా ఉంటుంది. కుడివైపు రన్నింగ్ స్కోరులో అడ్డగీత కొట్టిన అంకె ఫీల్డ్ గోల్ (ఆట మధ్యలో పడిన బాస్కెట్), నల్లచుక్క పెట్టింది ఫ్రీ త్రో. పక్కన రాసిన ఆటగాడి నంబరు చుట్టూ సున్నా చుట్టి ఉంటే అది త్రీ.

చాలామంది చూడని కిటుకు ఎదుటి జట్టు ఫౌళ్ళ గడుల్లో ఉంది. పీ (పర్సనల్ ఫౌల్) పక్కన 2 ఉంటే ఆ ఫౌల్‌కు మీకు రెండు త్రోలు వచ్చాయని, 1 ఉంటే ఒకటి వచ్చిందని అర్థం. ఆ అంకెలన్నీ కూడితే మీకు దక్కిన ఫ్రీ త్రోలెన్నో వస్తుంది. రన్నింగ్ స్కోరులో మీ నల్లచుక్కలు లెక్కపెట్టి పోల్చండి, ఎన్ని వృథా అయ్యాయో తేలిపోతుంది. అక్కడక్కడ అంకె పక్కన చిన్న సీ కనబడితే, ఆ త్రోలు ఎదుటివైపు ఫౌల్‌తో రద్దయ్యాయన్నమాట, వాటిని కూడకండి.

మిగతా సగానికి స్టాండ్స్‌లో ఇద్దరు కూర్చోవాలి. ఒకరు ఆటలోంచి కళ్ళు తీయకుండా పైకి చెబుతుంటే రెండోవారు గీతలు గీయాలి. ఒక్కరే చూస్తూ రాస్తే తప్పిపోయేవి ఆఫెన్సివ్ రీబౌండ్లే, ఎందుకంటే షాట్ మిస్సయిన గీత గీయడానికి తల దించిన క్షణంలోనే అవి జరుగుతాయి.

ప్రశ్న: మా టాప్ స్కోరర్, సెంటర్ ఇద్దరికీ ఇది చివరి సంవత్సరం. వచ్చే సీజన్ మర్చిపోవాల్సిందేనని మావాళ్ళందరూ నీరుగారిపోయారు. మీరేమంటారు?
*— ఎంబీఏ విద్యార్థిని, కోరమంగళ*

టాప్ స్కోరర్ పోతే షాట్లు ఎటూ పోవు, వేరేవాళ్ళకు వెళ్తాయి. బంతి తెచ్చేవాడు పోతే అసలు షాట్లే పుట్టవు. జట్టు భవిష్యత్తు అడిగిన ప్రతివాళ్ళకూ నేను ముందు వేసే ప్రశ్న అందుకే ఇది: మీ పాయింట్ గార్డ్ ఉంటున్నాడా? ఉంటే, అతను కూర్చున్న ఆ అయిదారు నిమిషాలు బంతి ఎవరి చేతిలో ఉంది?

తర్వాత ఒక కాగితం మీద పన్నెండు మంది పేర్లు రాయండి. కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టు మీద అయిదుగురు, అంటే మొత్తం 200 నిమిషాలు. ముఖ్యమైన మ్యాచ్‌ల్లో ఆ 200 ఎవరెవరికి ఎలా పంచారో వేయండి. వచ్చే ఏడాదీ ఉండేవాళ్ళ నిమిషాలు 120 దాటితే పునాది ఉన్నట్టే. 80కి దిగితే కొత్త జట్టు కట్టుకుంటున్నారని ఒప్పుకుని, ఆశలు ఆ మేరకే పెట్టుకోవాలి. ఇవి నేను వాడుకునే గీతలు, ఎక్కడా రాసిపెట్టిన నియమాలు కావు.

టాప్ స్కోరర్ షాట్లు ఎవరికి వెళ్తాయన్నది కూడా చూడాలి. ఇన్నాళ్ళూ ఖాళీగా దొరికిన షాట్లే వేసి 45 శాతం చేసిన కుర్రాడు, ఎదుటి జట్టు బెస్ట్ డిఫెండర్ తన మీదికి వచ్చాక అదే శాతం చేయలేడు. అలాంటివాళ్ళ దగ్గర కొంత తగ్గుదల ముందే లెక్కలో వేసుకోండి. ఒక్కరికే అన్నీ అప్పగించేకన్నా ముగ్గురికి పంచే జట్లు ఈ మార్పును బాగా తట్టుకుంటాయి.

సెంటర్ సంగతి వేరు, ఆ లోటు నిజమైనదే. ఎత్తు నేర్పితే రాదు. జూన్, జూలై అడ్మిషన్లలో పొడగరి దొరక్కపోతే రీబౌండ్ల పద్ధతి మార్చాలి. షాట్ లేవగానే అయిదుగురూ బంతి వైపు చూడకుండా ముందు తన మనిషిని వీపుతో అడ్డుకోవాలి, గార్డులతో సహా. పొట్టి జట్లు డిఫెన్సివ్ రీబౌండ్లు పోగొట్టుకునేది గార్డులు ఫాస్ట్ బ్రేక్ ఆశతో ముందే పరుగు తీయడం వల్ల.

ఇంకొకటి, ఎవరూ మాట్లాడుకోనిది: హాజరు, బ్యాక్‌లాగులు. కాగితం మీద ఉన్న ఆటగాడు సెప్టెంబరులో కోర్టు మీద ఉండకపోవడానికి మోకాలి గాయంతో సమానంగా ఇదీ కారణమే. చాలా కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి, కొన్ని యూనివర్సిటీల్లో ఇంకా ఎక్కువ. టోర్నమెంటు రోజులకు ఆన్ డ్యూటీ ఉత్తర్వు వెంటనే తీసుకోకుండా సెమిస్టర్ చివర్లో పరుగులు పెడితే పని జరగదు. ప్రతి టోర్నమెంటు ముగిసిన వారంలోపే మేనేజర్ ఆ కాగితం డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి.

ప్రశ్న: బెంగళూరులో కప్పులన్నీ మా కాలేజీవే. అయినా సౌత్ జోన్ జాబితాలో మా పేరే ఉండదు. మేం ఓడించిన సంస్థల పేర్లు మాత్రం ఉంటాయి. ఎందుకిలా?
*— డిగ్రీ విద్యార్థి, మల్లేశ్వరం*

మీది ఒక యూనివర్సిటీకి అనుబంధ కాలేజీ. అంతర విశ్వవిద్యాలయ పోటీలు నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అంటారు. అక్కడ ఆడేది యూనివర్సిటీ జట్టు. మీ కాలేజీ అంతర కళాశాలల పోటీల్లో గెలిచినా, ఆ తర్వాత సెలెక్షన్‌లో నిలిచిన ఆటగాళ్ళు యూనివర్సిటీ పేరుతో సౌత్ జోన్‌కు వెళ్తారు. క్రైస్ట్, జైన్ వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సొంత పేరుతో నేరుగా వెళ్తాయి. సెయింట్ జోసెఫ్స్ కూడా 2022లో యూనివర్సిటీ అయింది. ఒకే నగరంలో ఒకేలా ఆడే రెండు జట్లకు దారులు వేరవుతాయి.

నిజమైన ఇబ్బంది ప్రాక్టీసులో వస్తుంది. డీమ్డ్ సంస్థల జట్టు ఏడాది పొడుగునా కలిసి ఆడుతుంది. అనుబంధ యూనివర్సిటీ జట్టు పలు కాలేజీల నుంచి వచ్చి, చిన్న శిక్షణ శిబిరంలో కలుస్తుంది. అందుకే ఆ జట్లు మొదటి మ్యాచ్‌లో తడబడి, మూడో మ్యాచ్‌కు కుదురుకుంటాయి. నాకౌట్‌లో మూడో మ్యాచ్ దాకా నిలవడమే కష్టం. మీవాళ్ళు శిబిరానికి వెళ్ళేముందే చేయగలిగింది ఒకటుంది: ఇతర కాలేజీల నుంచి సెలెక్టయ్యే అవకాశం ఉన్నవాళ్ళతో ఆదివారాలు కలిసి ఆడటం. కోచ్ ఎవరైనా సరే, గీత బయటి నుంచి బంతి వేసే రెండు ఇన్‌బౌండ్ ఆటలు, కోర్టంతా మీదపడే డిఫెన్స్‌ను దాటే ఒక ప్రెస్ బ్రేక్ ముందే నోటికి వచ్చి ఉంటే చాలా తేడా వస్తుంది.

వయసు విషయం కూడా చూసుకోండి. ఏఐయూ పోటీలకు జూలై 1 నాటికి 17 నుంచి 25 ఏళ్ళ మధ్య ఉండాలి. మధ్యలో ఉద్యోగం చేసి పీజీలో చేరినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ప్రశ్న: మా అమ్మాయిల జట్టు మామూలుగా బాగానే ఆడుతుంది. ఎదుటివాళ్ళు ఫుల్ కోర్టు ప్రెస్ వేసి కోర్టంతా మీదపడగానే మూడు నిమిషాల్లో పది పాయింట్లు పోతాయి. ఏం నేర్పాలి?
*— వ్యాయామ అధ్యాపకురాలు, కే.ఆర్. పురం*

మేడమ్, పదిలో ఎనిమిదిసార్లు పొరపాటు మొదటి పాస్ దగ్గరే జరుగుతుంది. బాస్కెట్ పడగానే కంగారుగా బంతి లోపలికి వేస్తారు. అది కోర్టు మూలలో అందుతుంది. అందుకున్న అమ్మాయి బంతి నేలకు కొట్టి అప్పుడు తలెత్తుతుంది. అప్పటికే ఇద్దరు మీద పడి ఉంటారు. ఒక పక్క సైడ్‌లైను, వెనక బేస్‌లైను, ముందు రెండు జతల చేతులు. డ్రిబుల్ ఆపేసింది కాబట్టి ఇక పాస్ తప్ప దారి లేదు, ఆ పాస్ కోసమే మూడో అమ్మాయి కాచుకుని ఉంటుంది.

బాస్కెట్ పడ్డాక బంతి వేసే అమ్మాయి బేస్‌లైను వెంట అటూ ఇటూ పరుగెత్తవచ్చు. ఈ హక్కును చాలా జట్లు వాడుకోవు. అయిదు సెకన్లు ఉంటాయి, రెండడుగులు పక్కకు జరిగితే పాస్ కోణం తెరుచుకుంటుంది. మొదటి పాస్ మూలలో కాకుండా ఫ్రీ త్రో గీత ఎత్తులో, కోర్టు మధ్యకు దగ్గరగా అందాలి. అందుకోగానే డ్రిబుల్ చేయకుండా తిరిగి నిలబడి ముందుకు చూడాలి. వేసిన అమ్మాయి వెంటనే లోపలికొచ్చి బంతికి వెనక రెండు మూడు మీటర్ల దూరంలో ఆగాలి. ఇద్దరు చుట్టుముట్టి ట్రాప్ పడితే వెనక్కి ఇచ్చి అటువైపుకు తిప్పడానికి ఆ అమ్మాయే ఆధారం. మీలో బాగా పాస్ చేయగల పొడగరిని సెంటర్ సర్కిల్‌లోకి బంతి వైపు పరుగెత్తించండి. అక్కడ బంతి అందితే ప్రెస్ తెగిపోయినట్టే, ముందు ముగ్గురికి ఇద్దరే డిఫెండర్లు మిగులుతారు.

సగం గీత దాటగానే వచ్చే మూల కూడా ప్రమాదమే. దాటాక వెనక్కి వెళ్ళకూడదు కాబట్టి ఆ గీతే మూడో డిఫెండర్‌లా పనిచేస్తుంది. అక్కడ ఆగకుండా మధ్యలోంచి దాటమనండి. 8 సెకన్ల లెక్కకు ఎవరూ మనసులో అంకెలు పెట్టుకోనక్కర్లేదు, 24 సెకన్ల గడియారం 16 చూపేలోపు దాటాలి.

సాధనకు అయిదుగురి మీద ఏడుగురు డిఫెండర్లను పెట్టి, డ్రిబుల్ పూర్తిగా నిషేధించి పది నిమిషాలు ఆడించండి. మొదటి వారం బంతి సగం గీత దాటడమే గగనం అవుతుంది, మానేయకండి. రెండు మూడు వారాలకు పాస్ చేసేముందు చూడటం, చేశాక కదలడం అలవాటవుతాయి.

ప్రశ్న: చివరి రెండు నిమిషాల్లో మా కోచ్ టైమ్ అవుట్ అడిగితే, మిగల్లేదన్నారు. మేం రెండో సగంలో ఒక్కటే వాడాం, అదీ చివరి రెండు నిమిషాల్లోనే. మూడు ఉండాలి కదా?
*— అభిమాని, బసవనగుడి*

మూడు ఉంటాయి, కానీ నాలుగో క్వార్టర్లో గడియారం 2:00కి వచ్చాక వాడుకోగలిగేవి రెండే. అప్పటిదాకా ఒక్కటీ వాడకపోతే స్కోరర్ ఒక గడిలో రెండు గీతలు కొట్టేస్తారు, అది పోయినట్టే. కాబట్టి మీకింకా ఒకటి మిగిలే ఉండాలి. టేబుల్ దగ్గర పొరపాటు జరిగి ఉండవచ్చు. ఇలాంటప్పుడు కెప్టెన్ గానీ కోచ్ గానీ అక్కడికక్కడే మర్యాదగా షీటు సరిచూడమని రిఫరీని అడగాలి.

చివర్లో టైమ్ అవుట్ విలువ ఊపిరి పీల్చుకోవడానికి మాత్రమే కాదు. చివరి రెండు నిమిషాల్లో మీ సగంలో బంతి మీదయితే, టైమ్ అవుట్ తర్వాత ముందు సగంలోని త్రో-ఇన్ గీత నుంచి ఆట మొదలుపెట్టవచ్చు. అప్పుడు షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి ఉన్న సమయం, 14 సెకన్లకు మించి ఉండదు. వెనక ఉన్న జట్టుకు ఇది వరం.

వెనకబడినప్పుడు ఎదుటి బెంచీకన్నా ముందు మీ జట్టు ఫౌళ్ళు చూసుకోండి. క్వార్టర్లో నాలుగు దాకా జట్టు ఫౌళ్ళకు ఫ్రీ త్రోలు లేవు, అయిదో దాని నుంచి రెండు. రెండే ఫౌళ్ళున్న జట్టు గడియారం ఆపి త్రో దాకా లాగాలంటే మూడుసార్లు ఫౌల్ చేయాలి. అంతలో పది, పన్నెండు సెకన్లు కరిగిపోతాయి. 2017లో మన కంఠీరవ ఇండోర్ స్టేడియంలో భారత మహిళలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్ డివిజన్ బి గెలిచారు. అలాంటి రెండు పాయింట్ల మ్యాచ్‌లో ఇలాంటి ప్రతి లెక్కకూ విలువ ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు, ఆరడుగుల ఒక అంగుళం. అనంతపురంలో స్కూల్ జట్టుకు సెంటర్ ఆడాడు. బెంగళూరులో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందా?
*— ఒక తండ్రి, మారతహళ్ళి*

రావచ్చండీ, కానీ సెంటర్‌గా కాదు. ఇక్కడి పెద్ద జట్లలో ఆ ఎత్తు గార్డులది. ట్రయల్స్ లోపు ఎడమ చేత్తో లేఅప్, తల ఎత్తి డ్రిబుల్, 6.75 మీటర్ల గీత బయటి నుంచి షాట్ అలవాటు కావాలి. వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ పాయింట్లే చేసినా, కాళ్ళు కదిపి డిఫెన్స్ ఆడే కుర్రాణ్ణి కోచ్‌లు గుర్తుపెట్టుకుంటారు.

సర్టిఫికెట్లలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌వి, రాష్ట్ర సంఘం తరఫున అండర్-16, అండర్-18 జాతీయ పోటీల్లో ఆడినవి ముందుకు వస్తాయి. ప్రైవేటు టోర్నమెంటు కాగితాలు పెద్దగా పనికిరావు. సీటు ఇస్తామన్నాక మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఫీజు రాయితీ మొత్తం కోర్సుకా, ఏడాదికా? గాయమై ఆడలేకపోతే రాయితీ ఉంటుందా? హాస్టల్, మెస్ అందులో కలిసి ఉన్నాయా? రెండోదానికి నోటిమాటగా సరే అంటే నమ్మకండి.

ప్రశ్న: అమెరికాలో చదువుతున్న మా బావ అక్కడి కాలేజీ జట్టు గురించి చెప్పే లెక్కలు ఇక్కడికి సరిపోతాయా?
*— విద్యార్థి, వైట్‌ఫీల్డ్*

పొజెషన్ల లెక్క సరిపోతుంది. మిగతావి జాగ్రత్తగా పోల్చాలి. అక్కడ పురుషుల కాలేజీ ఆట 20 నిమిషాల రెండు భాగాలు, షాట్ క్లాక్ 30 సెకన్లు. భవిష్యత్తు అంచనా కూడా వేరు. ఆటగాళ్ళు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరుచుకోగానే సగం జట్టు వేరే కాలేజీలకు వెళ్ళిపోవచ్చు, అదే దారిలో కొత్త సగం రావచ్చు. మార్చి టోర్నమెంటు అయ్యాక మీ బావ చెప్పిన ఐదుగురు నవంబరులో అక్కడ ఉంటారన్న హామీ లేదు. మన దగ్గర జట్టు మారేది ఎక్కువగా చదువు అయిపోవడం వల్లే, కాబట్టి రెండేళ్ళ ముందే ఊహించి కట్టుకోవచ్చు.

ప్రశ్న: మాకున్నది ఒక్క సిమెంటు కోర్టు. వానలు మొదలైతే ప్రాక్టీసు ఆగిపోతుంది. సీజన్ కూడా అప్పుడే. ఏం చేయాలి?
*— జట్టు మేనేజర్, యలహంక*

తడి సిమెంటు మీద మాత్రం ఆడించకండి, తుడిచినా సరే. పైకి ఆరినట్టు కనబడినా గీతల మీది పెయింటు జారుతుంది. చీలమండ మడత పడేది ఎక్కువగా అక్కడే. బెంగళూరులో వాన తరచూ సాయంత్రాలే పడుతుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రాక్టీసు ఉదయం ఆరుకు మార్చండి. రాత్రి పడిన నీళ్ళు నిలిచే గుంతలుంటే రబ్బరు వైపర్లు రెండు కొనండి, ఇరవై నిమిషాల్లో కోర్టు సిద్ధమవుతుంది.

పూర్తిగా పోయిన రోజుల్లో కారిడార్‌లో రెండు బంతుల డ్రిబుల్, గోడకు ఛాతీ పాసులు, క్లాసురూములో బోర్డు మీద ప్రెస్ బ్రేక్ కదలికలు చూడటం. ఇవి నలభై నిమిషాలు చాలు. సౌత్ జోన్ మ్యాచ్‌లు చెక్క కోర్టు మీద ఉంటే, వెళ్ళేముందు కనీసం నాలుగుసార్లయినా అద్దెకు ఇండోర్ కోర్టు తీసుకుని ఆడించండి. సిమెంటుకు అలవాటైనవాళ్ళకు చెక్క మీద బంతి లేచే తీరు, బూటు పట్టే తీరు రెండూ కొత్తగా ఉంటాయి. బయట అరిగిన సోలు బూట్లు ఇండోర్‌లో జారతాయి. ఖర్చుకు వెనకాడితే ముందు మీ పాయింట్ గార్డ్‌కైనా ఇండోర్ కోసం వేరే జత ఏర్పాటు చేయండి.